మోటరు ఇప్పి సూసిన నాయుడు

మొన్న ఎండకాలం మా అన్న బోరు మోటరు కాలింది. పైపులు గుంజి, మోటరు బయటికి తీసి, ఆటోల ఏసుకొని హాలియాల వైండింగ్ షాపుకు తెచ్చినం. నేను, మా అన్న కొడుకు. పోరడు మెకానికల్ ఇంజినీరింగ్ సదివిండు. నాలుగేండ్లు, ఫస్టు క్లాసు. మెకానిక్ మోటరు ఇప్పి స్టేటరు బల్ల మీద పెట్టిండు. మీరు గూడ సూసే ఉంటరు, అది ఒకటే ఇనుప ముద్ద కాదు. కాయితమంత పల్సటి రేకులు కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి బిగిస్తరు. ఇంత కష్టం ఎందుకు, ముద్ద పోస్తే ఒక్కపారే అయిపోవు గదా అని నేను ఉత్తగనే అడిగిన. మా పోరడు నేల దిక్కు సూసిండు. పదో తరగతి తప్పిన మెకానిక్ చెప్పిండు, ముద్ద ఇనుమైతే కరెంటు దాంట్లనే సుడి తిరిగి వేడి పుట్టిస్తదని, అందుకే పల్సటి రేకులని, రేకుకు రేకుకు నడుమ పూత ఉంటదని.

దాన్నే పుస్తకంల ఎడ్డీ కరెంటు అంటరు. ఆ పేరు ఇనంగనే పోరని మొకం ఎలిగింది. బిల్లు కాయితం ఎన్కకు తిప్పి ఫార్ములా రాసిండు. రేకు మందం సగం చేస్తే ఆ నష్టం నాలుగో వంతుకు పడిపోతదని లెక్క తీసి సూపిచ్చిండు. లెక్కల ఒక్క తప్పు లేదు. కాని ఆ లెక్క, బల్ల మీద ఉన్న ఆ రేకు ఒకటేనని నాలుగేండ్లల్ల వానికి ఎవలూ సూపియ్యలె.

నేను ఎవల్నీ ఎక్కిరియ్యనీకి ఇది రాస్తలేను. నాది ఇంటర్ నడిమిట్ల ఆగిపోయిన సదువు. ఆగినంక రెండేండ్లు ఇసొంటి షాపులనే కాయిల్ సుట్టిన, వార్నిష్ పూసిన. ఆ వాసనకు రాత్రి బువ్వ సయించకపోయేది. పుస్తకాలు తర్వాత లైబ్రరీల కూసోని నాకు నేనే సదువుకున్న. అందుకే మోటరు పెట్టె మీది ఊరు పేరు నాకు చిన్నప్పటి నుంచి యాది. కోయంబత్తూరు. హాలియా, నిడమనూరు, పెద్దవూర, ఏ మోటర్ల షాపుకు పోయినా ఆ పేరు కనవడుతది. మన ఎర్ర చెల్కల అడుగున ఉన్న నీళ్లను మీదికి తెచ్చేది చానా మట్టుకు అక్కడ పోతపోసిన ఇనుము, అక్కడ సుట్టిన రాగి. మరి అక్కడనే ఎందుకు? ఆ ఊరికి సముద్రం లేదు, రేవు లేదు. కాని ఆ కతల ఇంట్ల తెలుగు మాట్లాడుకునే ఒక మనిషి ఉన్నడు. గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. లోకం జి.డి. నాయుడు అంటది.

1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెటూర్ల పుట్టిండు. కొన్ని వందల ఏండ్ల కింద విజయనగర రాజులు, నాయక రాజుల కాలంల తెలుగు నేల నుంచి దక్షిణానికి పోయి, అక్కడ చెల్కలు కొట్టుకొని స్థిరపడ్డ కమ్మోళ్ల కుటుంబాలల్ల వాళ్లది ఒకటి. ఇంట్ల తెలుగు, బజార్ల తమిళం. తండ్రి రైతు. తల్లి చిన్నప్పుడే కాలం చేసింది. బడి అంటే పిల్లగానికి పడలె. పంతులు కండ్లల్ల ఇసుక కొట్టి ఉరికిండని ఇప్పటికీ చెప్పుకుంటరు. చదువు చిన్న తరగతులల్లనే తెగిపోయింది.

ఇక్కడ ఒక మాట ఆపి చెప్పాలె. బడి మానేసినోడు గొప్పోడైండు అనే కతలు వాట్సాప్‌ల మస్తు తిరుగుతయి. అవి చదివి బడి మానేసెటోళ్లు గూడ ఉన్నరు. నాయుడు ఎన్కకు వస్తె ఆనుకోనీకి ఇల్లున్నది, భూమి ఉన్నది, కులం పేరున్నది. మన మాదిగ వాడల, లంబాడ తండల పిల్లగాడు పంతులు మీద ఇసుక కొట్టి ఉరికితే వాని కత పుస్తకంలకు ఎక్కదు, ఇటుక బట్టీ కాడికి పోతది. ఇది మనసుల పెట్టుకొని మిగిలింది చదవున్రి.

ఒకనాడు ఊర్లెకు ఒక ఇంగ్లీషు అధికారి మోటరు సైకిల్ మీద వచ్చిండు. రడ్జ్ కంపెనీ బండి. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి దానంతట అదే ఉరుకుతున్నది. గా బండి కావాలని నాయుడు పట్టు పట్టిండు. పైసలు లేవు. కోయంబత్తూరు పోయి హోటల్ల సర్వర్ పనికి కుదిరి, ప్లేట్లు అందిచ్చి పైసా పైసా కూడబెట్టిండు. కొన్నేండ్లు పట్టింది. బండి కొన్నడు. కొన్నంక ఊరేగలె. మొత్తం ఇప్పి పెట్టిండు. ఏ బోల్టు ఏడ ఉన్నదో, ఏ పండ్ల చక్రం దేన్ని తిప్పుతున్నదో సూసుకొని మళ్ల బిగిచ్చిండు. ఆయనకు కాలేజీ అదే. తర్వాత బండ్లు బాగు చేసే పని దొరికింది. పత్తి జిన్నింగ్ పెట్టి కొంత సంపాయించి, బొంబాయి పత్తి యాపారంల అదంతా పోగొట్టుకున్నడని అంటరు.

1920ల ఒక బస్సు కొన్నడు. రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు యాపారస్తుడు ఆసరా అయిండు. పొల్లాచ్చి నుంచి పళని దాక తిరిగే బస్సు. తనే నడిపిండు, చెడిపోతే తనే బాగు చేసుకున్నడు. ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటర్ సర్వీస్ అనే కంపెనీ అయింది. 1933 వరకు 280 బస్సులు. అన్ని బస్సులు తిరగాలంటే అన్ని ఇంజన్లు తెల్వాలె, ఏ తునక ఎప్పుడు అరుగుతదో ముందే ఎరుక ఉండాలె. అరిగిన తునక సీమ నుంచి ఓడల వచ్చేదాక బస్సు పండబెడితే కంపెనీ మునుగుతది. బయట నుంచి తెచ్చుకునుడు కంటె ఇక్కడనే చేసుకునుడు మీద ఆయన మనసు పడ్డది అందుకే అని నేను అనుకుంట.

ఇగ అసలు సంగతి. నీలగిరి కొండల పైకారా నది మీద కరెంటు కేంద్రం 1930ల మొదట్లనే నడుసుడు సురువైంది. ఆ కరెంటు కోయంబత్తూరుకు దిగంగనే బట్టల మిల్లులు పుట్టగొడుగుల్లెక్క లేసినయి. మిల్లు తిరగాలంటే మోటరు కావాలె. బాయిల నీళ్లు తోడనీకీ మోటరే కావాలె. మోటర్లు సీమ నుంచి వస్తుండె. కరెంటు మనది, పత్తి మనది, నీళ్లు మనయి, నడుమ తిరిగేది మాత్రం సీమ సరుకు. 1937ల పీలమేడుల ఉన్న నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌ల జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి ఎలక్ట్రిక్ మోటరు తయారు చేసి బయటపెట్టిన్రు. మన దేశంల చేసిన మొదటి ఎలక్ట్రిక్ మోటరుగ దాన్నే లెక్కపెడతరు. బాలసుందరం తర్వాత టెక్స్‌టూల్ కంపెనీ పెట్టి మిల్లు యంత్రాలు చేసిండు.

ఒక్క మోటరు చేసుడు అంటే ఏందో జర ఆలోచించున్రి. పై గుల్ల పోతపొయ్యనీకి ఇసుక అచ్చు కావాలె, ఇనుము కరిగించే బట్టీ కావాలె. లోపలి రేకులకు మామూలు ఇనుము పనికి రాదు, సిలికాన్ కలిపిన ఉక్కు కావాలె. రాగి తీగ మీద పూత ఒక్కతాన గీసుకపోయినా షార్టు అయితది. ఇరుసు వెంట్రుకంత వంకర ఉన్నా బేరింగు గీ పెడతది. మన పోరగాండ్లు రెండో సంవత్సరంల చదివే మెటలర్జీ అండ్ మెటీరియల్ సైన్స్, తర్వాత వచ్చే ప్రొడక్షన్ టెక్నాలజీ, ఇంక కరెంటు, వేడి, శక్తి పాఠాలు అన్నీ ఈ ఒక్క గుండ్రటి డబ్బల ఉన్నయి. కాలేజీల అవి మూడు సబ్జెక్టులు, ముగ్గురు సార్లు, మూడు గైడు పుస్తకాలు. మోటరుకు మాత్రం ఆ గోడలు తెల్వయి.

ఆయన మోటరు కాడనే ఆగలె. బ్యాటరీతో నడిచే చిన్న మోటరు పెట్టి రాసంట్ అనే షేవింగ్ రేజర్ చేసిండు. పల్సటి బ్లేడ్లు, పండ్ల రసం తీసే మిషను, ఓట్లు లెక్కపెట్టే యంత్రం. కరెంటు లేని ఊర్లకు గ్యాసునూనెతో తిరిగే ఫ్యాను. 1941ల అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసి ఇస్తనని చెప్పిండు. కెమెరా పిచ్చి గూడ ఉండె. 1936ల లండన్‌ల అయిదో జార్జి రాజు శవయాత్రను ఫిలిం తీసిండు. పత్తి, బొప్పాయి మొక్కల మీద సుత ప్రయోగాలు చేసిండు. ఇన్నింట్ల ఎన్ని మార్కెట్ల నిలిచినయి అంటే తక్కువే. ఆయన భక్తులు ఈ మాట ఒప్పుకోరు, కాని నిజం నిజమే. ఆయనకు ఒకటి చేసినంక ఇంకో దాని మీదికి మనసు పోయేది. మోటరు ఒక్కటి నిలిచింది, ఎందుకంటే దాని ఎన్క ఊరు ఊరంతా నిలబడ్డది. పోత బట్టీలోళ్లు, లేత్ మిషన్లోళ్లు, కాయిల్ సుట్టెటోళ్లు, పంపులు చేసెటోళ్లు. ఒక్కని తెలివి కాదు కోయంబత్తూరు.

1945ల కాలేజీ ముచ్చట వచ్చింది. ఆయన పట్టుదలతో, ఆయన ఇచ్చిన పైసలతో కోయంబత్తూరుల ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజినీరింగ్ కాలేజీ తెరిచిన్రు. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు పెట్టిన్రు. ఇయ్యాల దాన్నే గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అంటరు. బడి మెట్లు సరిగ ఎక్కని మనిషి ఆ కాలేజీకి ప్రిన్సిపాల్ అయిండు. కూసున్న కొన్నాళ్లకే సర్కారుతోని పంచాది పెట్టుకున్నడు. ఇంజినీరింగ్‌కు నాలుగేండ్లు దండుగ, రెండేండ్లు చాలు అని ఆయన వాదన. మిషను ముంగట నిలబెట్టి నేర్పితే సగం కాలంల వస్తదని ఆయన నమ్మకం. సర్కారు ఒప్పుకోలె. ఆయన కుర్చీ ఇడిసిపెట్టి బయటికి వచ్చిండు.

ఈ పంచాదిల నేను ఏ పక్కకు ఉన్న అంటే, సగం ఆయన దిక్కు, సగం కాదు.

ఆయన దిక్కు ఎందుకంటే, మా అన్న కొడుకు సదివిన కాలేజీల (పేరు వద్దు, అసొంటివి మస్తున్నయి) పోత నేర్పే ల్యాబు ఉన్నది. దానికి తాళం గూడ ఉన్నది. తనిఖీకి వచ్చే రోజు తీస్తరు. లేత్ మిషను ముంగట ముప్పై మంది నిలవడితే ముంగటి ఇద్దరు సూస్తరు, ఎన్కున్నోళ్లు రికార్డు పుస్తకం పక్కోనిది సూసి దించుకుంటరు. ఇనుములో బొగ్గు ఎంత ఉంటే ఏమైతదో చెప్పే ఆ పెద్ద బొమ్మను మా పోరడు కండ్లు మూసుకొని గీస్తడు. బీడు ఇనుము తునకను, ఉక్కు తునకను చేతికిచ్చి ఏది ఏదో చెప్పమంటే తడబడతడు. బీడు ఇనుము మీద సుత్తె దెబ్బ పడితే పలుగుతది, ఉక్కు వంగుతది, సానరాయికి పెడితే నిప్పురవ్వలు ఏరే తీరుగ రాల్తయి. వైండింగ్ షాపుల పదేండ్ల పోరనికి గిది ఎరుకే.

ఆయన దిక్కు కాదు ఎందుకంటే, ఆ షాపు పోరడు జిందగీ అంతా షాపు పోరడే. ఎడ్డీ కరెంటు సంగతి చెప్పిన ఆ మెకానిక్ ఇరవై ఏండ్ల సంది మోటర్లు బాగు చేస్తుండు. కొత్త మోటరు గీసి తయారు చేయమంటే చెయ్యలేడు, ఎందుకంటే ఆయనకు లెక్క తెల్వదు. లెక్క తెల్వనియ్యలేదు మనం. కంపెనీల నౌకరీకి పోతే గేటు కాడనే కాయితం అడుగుతరు. భూమి, బస్సులు ఉన్న నాయుడుకు కాయితం అక్కెర పడలె. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద, తల్లి కూలి పైసల మీద సదివే మా పోరగాండ్లకు ఆ కాయితం ఒక్కటే ఆస్తి. దాన్ని రెండేండ్లకు కోస్తే కోతపడేది ఎవలకు? పట్నంల పైసలున్న పిల్లలు మిగిలిన రెండేండ్లు అమెరికాల సదువుకుంటరు. నాలుగేండ్లు దండుగ కాదు. తాళం ఏసిన ల్యాబు దండుగ.

దీనికి జవాబు గూడ ఆ ఊర్లనే ఉన్నది. అదే పీలమేడుల పీఎస్‌జీ కాలేజీ ఉన్నది, 1951 నాటిది. అది పెట్టినోళ్లు గూడ తెలుగు ఇంటోళ్లే. దాని పక్కనే ఆ సంస్థకు ఫ్యాక్టరీ ఉన్నది. పంపులు, మోటర్లు, మిషన్లు నిజంగ తయారు చేసి అమ్మేటి ఫ్యాక్టరీ. శాండ్‌విచ్ కోర్సు అని అయిదేండ్ల ఇంజినీరింగ్ పెట్టిన్రు, క్లాసుల సదువు, ఫ్యాక్టరీల పని రెండూ కలిపి నడుస్తయి. సూడున్రి, నాయుడు రెండేండ్లకు తగ్గించాలన్నడు, వీళ్లు ఒక ఏడు పెంచిన్రు. అయినా ఆయన అడిగిన అసలు సంగతి వీళ్ల కాడ నెరవేరింది.

మన కాడ లేవా అసొంటి చోట్లు? హాలియా నుంచి జర ముంగటికి పోతే నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి ఏసిండు, 1967ల కాలువలకు నీళ్లు ఇడిసిన్రు. రాతి కట్టడం. డ్యాం కింద పవర్ హౌస్‌ల 8 మిషన్లు, 815.6 మెగావాట్లు. అందుల 7 మిషన్లు రెండు దిక్కుల తిరిగేటియి. కరెంటు ఎక్కువ కావాల్సిన యాల్ల నీళ్లు కిందికి ఇడిసి కరెంటు తీస్తయి, కరెంటు మిగిలిన యాల్ల అవే మిషన్లు పంపులై నీళ్లను మళ్ల మీదికి తోస్తయి. అంటే మీ బాయికాడి మోటరు, సాగర్ జనరేటరు ఒక్క తల్లి బిడ్డలు. కరెంటు ఇస్తే తిరుగుతది, తిప్పితే కరెంటు ఇస్తది. ఇంత పెద్ద పాఠం ఇంటి ఎన్క పెట్టుకొని, మా హాలియా పోరగాండ్లు హైడ్రో టర్బైన్ బొమ్మను యూట్యూబ్‌ల సూస్తున్నరు. సాగర్‌కు పోయేది ఫొటోలు దిగనీకి, శాపలు తిననీకి.

ఇంక రైతు దిక్కు సూద్దాం. కాలువ కింది ఊర్లకు నీళ్ల రంది తక్కువ. గుర్రంపోడు దిక్కు మెట్టకు పోతే బోరే దిక్కు. 2018 జనవరి 1 నుంచి బాయిలకు 24 గంటల కరెంటు వచ్చింది. దానికి ముందు రాత్రి కరెంటుకు బాయికాడికి పోయి పాము కరిచి సచ్చినోళ్లు ఎంతమందో మీ ఇండ్లల్ల అడగున్రి. వోల్టేజీ తక్కువైతే మోటరు అదే బరువు గుంజనీకి ఎక్కువ కరెంటు తాగుతది, రాగి వేడెక్కుతది, పూత కాలుతది. రైతు ఇంట్ల ఒక పంట పైసలు వైండింగ్‌కే పోయిన ఏండ్లు ఉన్నయి. కెపాసిటర్ బిగియ్యమని కరెంటోళ్లు చెప్తరు. ఎందుకో చెప్పరు. మోటరుకు పని చేసే కరెంటు కాకుండ, అయస్కాంతం పుట్టించనీకి ఇంకొంత కరెంటు కావాలె. అది ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఊరికె వచ్చి పోతుంటది, దారి పొడుగుతా తీగలను వేడి చేస్తది, వోల్టేజీ దించుతది. కెపాసిటర్ దాన్ని బాయికాడనే అందిస్తది. గింతే ముచ్చట. ఒక ఊర్ల ఉన్న బాయిలన్నిటికి మీటరు పట్టుకొని తిరిగి, ఏ పంపు ఎంత కరెంటు తాగుతున్నది, ఎన్ని నీళ్లు పోస్తున్నది అని లెక్క తీస్తే అది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కాదా? మా అన్న కొడుకు ప్రాజెక్టు అమీర్‌పేటల పైసలిచ్చి కొనుక్కొచ్చిండు. కట్టిన బైండింగ్ మాత్రం మంచిగున్నది.

నాయుడు కత మిగిలింది కొంచెమే. 1952ల ఇద్దరు కూసునే చిన్న పెట్రోల్ కారు తయారు చేసిండు. ధర 2,000 రూపాయలు. ఏం తయారు చెయ్యాలన్నా ఢిల్లీ లైసెన్సు కావాల్సిన కాలం అది. లైసెన్సు ఇయ్యలె, కారు ఆగిపోయింది. దేశీ సరుకు కావాలని జెండాలు పట్టినోళ్ల రాజ్యంలనే ఇది జరిగింది. 1967ల కోయంబత్తూరుల పరిశ్రమల ఎగ్జిబిషన్ ఒకటి పెట్టిండు, పిల్లలు వచ్చి మిషన్లను దగ్గర నుంచి సూడాలని. 1974 జనవరి 4న పోయిండు.

2025 అక్టోబరుల కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడుగు ఫ్లైఓవర్ తెరిచి ఆయన పేరు పెట్టిన్రు. వీధుల పేర్లల్ల కులం తోక తీసేస్తమని చెప్పిన సర్కారే నాయుడు అనే పేరు ఎట్ల పెట్టిందని లొల్లి అయింది. ఆ లొల్లి ఉత్తది కాదు. ఆయన చేతి పని ఆయనదే, కాని ఆ చేతికి పెట్టుబడి అందిన తొవ్వల కులం ఉన్నది. ఆయన ఫ్యాక్టరీల ఇనుము కరగవోసినోళ్ల పేర్లు ఏ వంతెన మీద లేవు.

మోటరు మూడో రోజు తయారైంది. తీస్కపోనీకి పోతే మా పోరడు నాకంటె ముందే వచ్చి షాపుల కూసున్నడు. మెకానిక్ పక్కన నేల మీద కూసోని కాయిల్ చుట్లు లెక్కపెడుతున్నడు. నడుమ రెండు సార్లు లెక్క తప్పిండు, మెకానిక్ ఇప్పదీపి మళ్ల సుట్టమన్నడు. బల్ల మీద అదే బిల్లు కాయితం ఉన్నది, ఫార్ములా కింద కొత్తగ ఇంకో లెక్క రాసి ఉన్నది. అది ఆ మెకానిక్ చేతిరాత. అంకెలు జర వంకర టింకరగ ఉన్నయి. మా పోరడు పక్కన ఎర్ర పెన్నుతోని ఒకతాన దిద్దిండు.